వీరబాహు వేషం

మా తాతయ్య తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ఇరవై ఏళ్ళు ‘సత్యహరిశ్చంద్ర’ నాటకం ఆడాడు. ఒక్కసారి కూడా హరిశ్చంద్రుడు కాలేదు. ఆరడుగుల మనిషి, నల్లటి ఒళ్ళు, కంచు గొంతు. రాజును కొనుక్కుని కాటికి కాపలా పెట్టే వీరబాహు వేషం ఆయన కోసమే పుట్టిందనేవాళ్ళు. కాటిసీనులో హరిశ్చంద్రుడు పాడే జాషువా పద్యాలన్నీ ఆయనకు నోటికి వచ్చు. పొలం గట్టు మీద పాడుకునేవాడు. స్టేజీ దగ్గర మాత్రం తెర పక్కన నిలబడి వినేవాడు.

ఆయన మనవరాలిని నేను. ఎనిమిది నెలలుగా యూసఫ్‌గూడలో ఒక కాస్టింగ్ ఆఫీసులో అసిస్టెంటుగా ఉన్నాను. కాస్టింగ్ అనగానే హీరోయిన్‌ని నేనే ఎంచుతాననుకుంటారు మా బంధువులు. అదంతా నిర్మాతా డైరెక్టరూ తేల్చుకుంటారు. మాకు మిగిలేది హీరో మేనమామ, కానిస్టేబులు, పక్కింటావిడ. ఒకప్పుడు కో-డైరెక్టర్లూ మేనేజర్లూ ఫొటో ఆల్బమ్‌లు ముందేసుకుని చేసిన పనే ఇది. ఇప్పుడు రోజుకు వంద పైన వీడియోలు వాట్సాప్‌లో వచ్చి పడతాయి. పేరు, వయసు, ఎత్తు, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరగడం. వాటిని షీట్‌లో ఎక్కిస్తాను. మొదటి గడి పేరు, రెండోది ఫొటో. అంటే నామం, రూపం. వేదాంతులు ఏ రెండింటిని దాటి చూడమన్నారో ఆ రెండింటితోనే మా జీతాలు నడుస్తాయి. మూడో గడి ‘దేనికి పనికొస్తారు’.

ఆ మూడో గడి దగ్గరే తప్పు చేశాను. ఒక సిరీస్‌లో హీరో తల్లి పాత్రకు ఆడిషన్లు జరుగుతున్నాయి. ఆమె కాలేజీ లెక్చరర్. కృష్ణానగర్ నుంచి నలభై దాటిన ఒకావిడ వచ్చింది. తలుపు దగ్గర ఆగి చీర పిన్ను సర్దుకుంటోంది. ఆ కాస్త వ్యవధిలోనే మూడో గడిలో ‘పనిమనిషి’ అని కొట్టేశాను. ల్యాప్‌టాప్ ఆవిడ వైపే తిరిగి ఉందని చూసుకోలేదు. చదివింది. “నేనింకా నోరు విప్పలేదు కదమ్మా” అంది. గొంతులో కోపం లేదు. తర్వాత రెండు పేజీల సీను చేసింది. ఎలా చేసిందో చెప్పలేను. ఆ సేపంతా నేను స్క్రీన్‌ని ఇటు తిప్పుకునే తంటాలో ఉన్నాను.

రాత్రి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డైరెక్టరుకు కావలసింది నేను వెతుకుతాను, జనానికి కావలసింది ఆయన తీస్తాడు, మధ్యలో నేను నిమిత్తమాత్రురాలిని. గీతలో ఆ మాట అర్జునుడితో అన్నది. ఎదురుగా ఉన్నవాళ్ళందరూ ఎవరెవరో అతనికి తెలుసు. నాకు ఆవిడ పేరైనా అప్పటికి తెలియదు.

వేషాలు పంచడం ఎలాగో నాట్యశాస్త్రం ఎప్పుడో చర్చించింది. వయసుకూ రూపానికీ తగిన వేషం ఒక పద్ధతి. పిల్లవాడు ముసలివాడిగా, ముసలివాడు పిల్లవాడిగా రావడం ఇంకొకటి. మగవాడు ఆడవేషం, ఆడమనిషి మగవేషం వేయడం మూడోది. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ వేసుకు వస్తే కూచిపూడిలో ఎవరూ ఆయన మగవాడని తప్పుపట్టలేదు. 1977లో ‘దానవీరశూర కర్ణ’లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడూ తానే వేశాడు. దేవుడికీ దేవుణ్ణి బంధించబోయినవాడికీ ఒకే ముఖం సరిపోయింది. అంటే ముఖానికి ఏ వేషమూ రాసిపెట్టి లేదు. అయితే ఆ వెసులుబాటు పెద్దవాళ్ళకే దొరుకుతుంది. చిన్న నటులకు మాత్రం ముఖమే జాతకం. వాళ్ళ విషయంలో మేం పూర్వజన్మ కర్మ కంటే కఠినంగా ఉంటాం.

తాతయ్యను ఓదార్చడానికి ఒక మాట ఉండేది. మార్కండేయ పురాణంలో హరిశ్చంద్రుణ్ణి కొన్న చండాలుడు సాక్షాత్తు ధర్ముడే, కాబట్టి అందరికంటే గొప్ప వేషం నీదే అనేవాళ్ళు. పురాణంలో ఉన్నది నిజమే. కానీ ఆ మాట అన్నవాళ్ళందరూ హరిశ్చంద్రుడి వేషం కట్టినవాళ్ళే. అన్ని పాత్రలూ సమానమేనన్న వేదాంతం పాత్రలు పంచే చోట ఎప్పుడు వినబడినా నాకు అనుమానం. చిన్నదాన్ని అంటగట్టేటప్పుడే అది గుర్తొస్తుంది మనకు.

ఆవిడకు ఆ తల్లి పాత్ర రాలేదు. నేను మళ్ళీ పిలిపించి, సరిగా కూర్చుని చూసి, వీడియో పంపాను. పైవాళ్ళు వద్దన్నారు. వాళ్ళ కారణం నేను ఆ గడిలో కొట్టిన మాటకు పెద్ద దూరంలో లేదు. షీట్‌లో ఇప్పుడు మూడో గడి సీను విన్నాకే నింపుతున్నాను. పని ఆలస్యమవుతోందని రోజూ చీవాట్లు తింటున్నాను.

వీడియోలు పంపేవాళ్ళకు ఒక మాట. ఎడమకూ కుడికీ తిరిగే ముందు, మీకు ఏ వేషం వేయాలనుందో చెప్పండి. మా ఫారంలో ఆ గడి లేదు. మా తాతయ్యనూ ఎవరూ అడగలేదు.