నలభై ఆరేళ్ళు, నాలుగు చక్రాలు

పెళ్ళయి, పిల్లలు చేతికందివచ్చిన ఇల్లాలు కొత్తగా ఏదైనా నేర్చుకుంటానంటే ఈ రోజుల్లో మనవాళ్ళెవరూ అడ్డు చెప్పరు. వీణ నేర్చుకోవచ్చు. కుట్లూ అల్లికలూ నేర్చుకోవచ్చు. యోగాసనాలకి వెళ్ళవచ్చు. కారు నడపడం సరేసరి. పిల్లల్ని ట్యూషన్లో దింపాలి, మామగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి కనుక. కాస్త పరకాయించి చూడండి, వీటన్నిటి వెనకాలా ఈ 'కనుక' ఒకటి తోకలా వేలాడుతూంటుంది. కుట్టుకి పొదుపు, ఆసనాలకి ఆరోగ్యం, వీణకి సరస్వతీ కటాక్షం. ఏ 'కనుకా' లేకుండా ఊరికే సరదాపడి నేర్చుకునే విద్య ఏదన్నా ఉందంటే, పేచీ అంతా దానితోనే.

నేను నలభై ఆరో ఏట మొదలెట్టిన విద్య అలాంటిదే. స్కేట్‌బోర్డు. నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు లెండి, మా ఇంట్లో నవ్వవలసినవాళ్ళంతా ఇప్పటికే నవ్వేశారు.

ఆ వస్తువు ఎరగనివారి కోసం చెబుతాను. సుమారు 32 అంగుళాల పొడుగు, 8 అంగుళాల వెడల్పు ఉన్న చెక్క. మేపుల్ కర్రని పల్చటి పొరలుగా తీసి, ఏడు పొరలు అతికించి, రెండు కొసలూ కాస్త పైకి వంచుతారు. కాలు జారకుండా పైన గరుకు కాగితంలాంటిది అంటిస్తారు. అడుగున ముందొకటి, వెనకొకటి ఇరుసులు, నాలుగు చక్రాలు. పట్టుకోవడానికి హాండిలు లేదు, ఆపడానికి బ్రేకు లేదు. ఎటు తిరగాలంటే అటు ఒళ్ళు వాల్చాలి. ఇరుసు దగ్గరున్న రబ్బరులాంటి బిళ్ళలు ఆ వైపుకి నలిగి చక్రాలు అటు మళ్ళుతాయి. చక్రం నిమ్మకాయంత ఉంటుంది. దారిలో శనగబద్దంత రాయి అడ్డు వస్తే చాలు, అది ఆగిపోతుంది. మనం ఆగం.

మేముండే కాలిఫోర్నియాయే దీని పుట్టిల్లు. 1950ల్లో, సముద్రంలో అలలు సరిగ్గా లేవని రోజున ఏం తోచక, అలల మీద తేలే కుర్రాళ్ళు చెక్కకి రోలర్ స్కేట్ల చక్రాలు బిగించి రోడ్డెక్కారట. 1965 మే నెలలో లైఫ్ పత్రిక ముఖచిత్రంగా పాటీ మెక్‌గీ అనే అమ్మాయి ఫోటో వేశారు. పరిగెత్తే బల్ల మీద రెండు చేతులూ ఆన్చి, కాళ్ళు ఆకాశంలోకి పెట్టి నిలబడి ఉంటుందావిడ. అప్పటికి పందొమ్మిదేళ్ళు. 1964లో అమెరికా ఆడపిల్లల పోటీల్లో గెలిచింది. ఆవిడ 2024లో పోయింది. అన్నట్టు, ఆ రోజుల్లో మట్టి మిశ్రమంతో చేసిన చక్రాలే ఉండేవి, నేలమీద పట్టు తక్కువ. దెబ్బలు ఎక్కువై, కొన్ని ఊళ్ళలో ఈ ఆటని నిషేధించేశారు కూడా. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్వర్దీ అనే యువకుడు యూరెథేన్ చక్రాలు తెచ్చాక గాని ఆటకి మళ్ళీ ప్రాణం రాలేదు.

ఇదంతా కుర్రకారు వ్యవహారం అనే కదా మీ అభిప్రాయం? నిజమే. 2021లో టోక్యోలో మొట్టమొదటిసారి ఒలింపిక్స్‌లో ఈ ఆట పెట్టినప్పుడు, ఆడవాళ్ళ స్ట్రీట్ పోటీలో బంగారు పతకం పొందిన మోమిజి నిషియాకి పదమూడేళ్ళు, వెండి పతకం పొందిన రేసా లియాల్‌కీ పదమూడే. కంచు పతకం అమ్మాయే వాళ్ళకి పెద్దక్క, పదహారేళ్ళది. కాని 2024లో పారిస్‌లో బ్రిటన్ తరఫున ఆండీ మక్డానల్డ్ అనే ఆయన కూడా దిగాడు. ఆయన వయస్సు 51. అవే ఒలింపిక్స్‌లో చైనా నుంచి వచ్చిన పిల్లకి 11. అయితే ఆయన పేరు చెప్పుకుని నేను బోర విరుచుకోవడానికి లేదు. ఆయన చిన్నప్పటినుంచీ ఆ బల్ల మీదే బతికినవాడు. నలభై ఆరేళ్ళకి మొదటిసారి కాలు పెట్టడం వేరే సంగతి.

మా ఊరి పార్కులో ఈ ఆట నేర్పే పిల్లకి ఇరవై ఏళ్ళుంటాయి. మొదటిరోజు బల్లని గడ్డిలో పెట్టి నిలబడమంది. గడ్డిలో చక్రాలు కదలవు. కదలని బల్ల మీద నిలబడ్డానికే నాకు చెమటలు పట్టాయి. రెండోరోజు పడడం నేర్పింది. అవునండీ, పడడానికీ ఒక పద్ధతుంది. మోకాళ్ళు వంచి కిందికి జారాలి, ఒళ్ళు ముడుచుకుని దొర్లాలి, చేతులు మాత్రం చాచి ఆన్చకూడదు. కాని పడబోయేవాడు చేతులు చాచడమే సహజం. అలా చాచినచోటే మణికట్టు దగ్గర ఎముక విరుగుతుంది. ఐర్లండు వైద్యుడు ఏబ్రహాం కోలిస్ 1814లోనే ఈ విరుగుడు గురించి రాశాడు, ఈనాటికీ డాక్టర్లు ఆయన పేరుతోనే పిలుస్తారు. ముట్లుడిగే వయస్సు దాటాక ఎముకలు పల్చనవుతాయి కనుక మనకిది మరీ తొందరగా వస్తుంది. అందుకే అరచేతికి ప్లాస్టిక్ బద్దలున్న తొడుగులు, మోకాళ్ళకి చిప్పలు, నెత్తిన హెల్మెట్. అద్దంలో చూసుకుంటే యుద్ధానికి వెళ్ళే సత్యభామలా ఉన్నాను, నరకాసురుడు మాత్రం ఎక్కడా కనబడలేదు.

నాకు అన్నిటికంటె వింతగా తోచింది ఇంకొకటి. భయం వేసినప్పుడు మన ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే బల్ల ముందుకి దూసుకుపోతుంది, మనం వెనక్కి పడతాం. బరువు ముందుకాలి మీదకి, అంటే భయపడుతున్న వైపుకే వెయ్యాలి. ఆ మాట చెవికి ఒక్క నిమిషంలో ఎక్కింది. కాళ్ళకెక్కడానికి రెండు నెలలు పట్టింది.

ఇక అసలు సంగతి. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. చక్కెర జబ్బు. రోజూ రెండుపూటలా ఇన్సులిన్ ఇవ్వాలి. చూపు ఆనక, మందు ఎంతో చూపే అంకెలు ఆవిడకి కనబడవు. ఆ పని నాది. నేను తొడుగులు తగిలించుకుంటూంటే ఒకరోజు అడిగారు.

"ఏమ్మా, నీ చెయ్యి విరిగితే నాకు సూదెవరు వేస్తారు?"

అందులో వెటకారం లేదు, సాధింపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. ఎవరైనా 'ఈ వయసులో ఇదేం ఆటలే' అంటే జవాబులు బోలెడున్నాయి నా దగ్గర. దీనికి లేదు. 'నా ఒళ్ళు నా ఇష్టం' అనడానికి నోరు రాలేదు. నలుగురున్న ఇంట్లో ఆ మాట పూర్తిగా నిజం కాదు కదా. నా చేతిమీద ఆధారపడ్డ ప్రాణి ఒకటి ఎదురుగుండా కూర్చుని ఉన్నప్పుడు, కేవలం నా సరదా కోసం ఆ చేతిని పణం పెట్టవచ్చునా?

వారంరోజులు పార్కుకి వెళ్ళలేదు. ఆ వారమంతా ఇదే ఆలోచన. మావారు యాభయ్యో ఏట ఆదివారం క్రికెట్ ఆడుతూ మోకాలి దగ్గర నరమేదో తెంపుకుని ఆరువారాలు సోఫాలో పడుకున్నారు. 'అయ్యో' అన్నాం, కాళ్ళదగ్గరికి కంచం అందించాం. బాగయ్యాక మళ్ళీ ఆడుతున్నారు. 'మీ కాలు విరిగితే ఎలాగండీ' అని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఏమీ ఆగలేదు. అన్నం ఉడికింది, సూది పడింది. అంటే పడడంలో ఉన్న తప్పు పడ్డ మనిషినిబట్టి మారుతోందన్నమాట! ఇంట్లో ఎన్ని పనులు ఒక్క చేతికే తెలిస్తే ఆ చేతికి అంత బందోబస్తు. 'నువ్వు లేకపోతే ఇల్లు గడవదు' అన్నమాట విని ఇన్నాళ్ళూ నేను మురిసిపోయేదాన్ని.

ఇంకోవైపునుంచి చూడండి. మోకాళ్ళ నొప్పులున్న మా పెద్దమ్మ అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి కొండకి వెళ్ళింది. దారిలో పడితే? అని ఎవరూ అడగలేదు. పుణ్యం కనుక. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి, పెళ్ళయిన వాళ్ళు కూడా చెట్లకి ఉయ్యాలలు కట్టి ఊగేవారు. కొమ్మ విరగదా? విరిగేది. అయినా అది నోము, మొగుడి క్షేమం కోసం. ఏడాదికొకనాడు ఆడుకోవడానికి కూడా మనవాళ్ళు మొగుడి పేరుమీద అనుమతి తెచ్చుకోవలసివచ్చింది. దేవుడు ఆడితే లీల అని మహా గొప్పగా చెప్పుకుంటాం, ఇంట్లో నడివయసు మనిషి ఆడితే వేళాకోళం. కాబట్టి జనానికి దెబ్బ తగలడంమీద అభ్యంతరం ఉన్నట్టు లేదు. దెబ్బ తగిలేముందు సంతోషపడడంమీదే ఉన్నట్టుంది.

కాని అత్తగారిది జనం ప్రశ్న కాదు, తన ప్రశ్న. ఇంత తర్కం చేసినా దానికి జవాబు చెప్పినట్టు కాదు. అంచేత ఆ రాత్రి మావారితో అన్నాను, "రేపట్నుంచి పొద్దుటి సూది మీరు వెయ్యండి" అని. ఆయన ఖంగుతిన్నారు. "నాకు చెయ్యి వణుకుతుందే, నువ్వుండగా నేనెందుకు?" అన్నారు. నేనుండగానే నేర్చుకోవాలి కదండీ మరి! మొదటిరోజు ఆయన ముఖం చూడాలి, గడ్డిలో బల్ల మీద నిలబడ్డ నేనే నయం. అంకె తిప్పి, పొట్టమీద చర్మం రెండువేళ్ళతో పట్టుకుని, సూది గుచ్చి, మీట నొక్కి, పది లెక్కపెట్టి బయటికి తియ్యాలి. ఆయన పదికి బదులు ఇరవై లెక్కపెట్టారు. "ఒరే, నొప్పి లేదురా, తియ్యి" అని అత్తగారే ధైర్యం చెప్పవలసివచ్చింది. పదిరోజులకి కుదిరింది. ఇప్పుడు పొద్దున్న సూది అయ్యాక తల్లీకొడుకులిద్దరూ పావుగంటసేపు పాత ఊరి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇదివరకు వాళ్ళకి ఆ పావుగంట లేదు.

అలాగని లెక్క తేలిపోలేదు. నా ఎముక విరిగితే మావారు సెలవు పెట్టాలి, అత్తగారు చల్లారిన అన్నం తినాలి. నా సరదాకి వాళ్ళు కొంత చెల్లించాలి. పిల్లల చదువులకీ పెళ్ళిళ్ళకీ అయితే ఒకరి కోసం ఒకరం సంతోషంగా చెల్లిస్తాం. సరదాకి అడగడానికి మాత్రం నాకింకా మొహమాటంగానే ఉంది, అయినా అడుగుతున్నాను.

ఇప్పుడు చదునుగా ఉన్న చోట పార్కు చుట్టూ పడకుండా తిరగగలను. మలుపులు ఎడమవైపు బాగా వస్తాయి, కుడివైపు అంతంతమాత్రం. పార్కు మధ్యలో ఈతకొలనులా తవ్విన సిమెంటు గుంట ఒకటుంది. పిల్లలు దాని అంచున బల్ల వెనక కొస ఆన్చి, ముందుకాలితో ఒక్క తొక్కు తొక్కి లోపలికి దిగిపోతారు. ఒకరోజు అత్తగారిని కూడా తీసుకెళితే, బెంచీమీద కూర్చుని ఆ గుంట వంకే చూశారు చాలాసేపు.

"ఆ గోతిలోకి మాత్రం దిగనని నాకు మాటివ్వమ్మా" అన్నారు ఇంటికొస్తూ.

మాట ఇవ్వలేదు. దిగుతాననీ అనలేదు. "మజ్జిగ తాగుతారా అత్తయ్యా?" అన్నాను.