నీలి అద్దం

మా సెక్టర్ 2 క్వార్టర్లలో ఇప్పటికీ ఒకటి రెండు ఇళ్ల బీరువాల్లో అరచేతిలో ఇమిడే నీలి అద్దం ఉంటుంది. ఉక్కు కరిగించే షాపులో పనిచేసిన పెద్దలది. 1959 ఫిబ్రవరిలో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లు కొలిమిలోకి ఆ అద్దంలోంచే చూసేవారు. ఏళ్ల తరబడి ఆ వేడి వెలుగు పడితే కంట్లో శుక్లం వస్తుంది. అద్దం పెట్టుకోనివాణ్ణి పక్కవాడు కసిరేవాడు. కన్ను వాడిదే, కసిరే హక్కు మాత్రం అందరిదీ.

ఇప్పుడు అదే ఇంట్లో మనవడు రాత్రి పదకొండింటికి దుప్పటి కింద ఫోను చూస్తున్నాడు.

మొన్న ఆదివారం వందన అయ్యాక మాలో ఈ మాటే వచ్చింది. ఇది ఐదో శీలం కిందికే వస్తుందన్నాడొకాయన. మత్తు సీసాలో ఉంటేనేం, తెరలో ఉంటేనేం అని. మేము పూర్తిగా ఒప్పుకోలేకపోయాం. సారా ఎవరికీ అక్షరం నేర్పలేదు. తాతముత్తాతలకు చదువు నిషేధమైన ఇళ్లు మనవి. ఆ పిల్లవాడి పరీక్ష పాఠాలు ఫోనులోనే ఉన్నాయి, బాబాసాహెబ్ గ్రంథాలూ అందులోనే ఉన్నాయి. మూసెయ్యమని ఏ నోటితో అంటాం? (వందన మధ్యలో ఫోను చూసుకున్న పెద్దలూ మాలో ఇద్దరున్నారు.)

ధమ్మపద అట్ఠకథలో మొదటి కథ చక్ఖుపాల థేరుడిది. వర్షావాసం మూడు నెలలూ నడుం వాల్చనని ఆయన పట్టుబట్టాడు. పడుకుని మందు వేసుకోమని వైద్యుడు చెప్పినా కూర్చునే వేసుకున్నాడు. చూపు పోయింది. పూర్వజన్మలో ఒక స్త్రీ కళ్లు పోగొట్టిన ఫలమిదంటుంది అట్ఠకథ. మనం ఆగవలసింది ఇక్కడే. గతజన్మ కర్మ వాదాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో తిరస్కరించారు. కారణం కథలోనే ఎదురుగా ఉంది: మందు సరిగా వేసుకోలేదు.

మా వీధిలో ఎనిమిదేళ్ల పాపకు కళ్లద్దాలు వస్తే "దాని రాత" అంది వాళ్ల అమ్మమ్మ. రాత కాదమ్మా అన్నాం. తల్లిదండ్రుల నుంచి వచ్చేది కొంత ఉంటుంది, నిజమే. దగ్గరి చూపు పని పెరిగి, ఆరుబయట ఆట తగ్గడమూ కారణమే. రోజుకు రెండు గంటలు బయట వెలుతురులో గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే అవకాశం తగ్గుతుంది. ఏడాది నిండని పసివాళ్లకు తెరే వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పెద్దవాళ్లకైనా తెర చూస్తుంటే రెప్పపాటు తగ్గి కళ్లు మండుతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం 20 సెకన్లు చూస్తే కంటికి విశ్రాంతి. నీలికాంతిని ఆపుతాయని అమ్మే అద్దాలకు డబ్బు పెట్టనక్కరలేదు. కొలిమి అద్దం సంగతి వేరు.

ప్రాణికి హాని చెయ్యమని మొదటి శీలం తీసుకుంటాం. ఆ ప్రాణుల్లో మనం లేమా? ఎముకల గూడయ్యేదాకా ఉపవాసం చేసిన సిద్ధార్థుడే ఆ దారి విడిచి సుజాత ఇచ్చిన పాయసం తీసుకున్నాడు. బాబాసాహెబ్ చివరి ఏళ్లలో చూపు మందగించినా రాత ఆపలేదు. దాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ కళ్లు బాగుండి ఉంటే ఇంకెంత రాసేవారోనని మాత్రం తక్కువగా తలుచుకుంటాం.

ఇప్పుడు సాయంత్రం ఐదింటికి ముందు పెద్దలమే ఫోన్లు గూట్లో పెట్టి పిల్లలతో మైదానానికి వెళ్తున్నాం. దుప్పటి కింది పిల్లవాడు మొదటిరోజు రాలేదు. రెండోరోజు తాతగారి నీలి అద్దం పట్టుకొచ్చాడు. ఫోనుకు అడ్డంపెట్టి చూశాడట.

"ఏమీ కనిపించట్లేదు తాతా," అన్నాడు.