అందుకునే గొంతు

మా ఊరి రామాలయంలో శనివారం భజనకి హార్మోనియం పెట్టె ముందు వచ్చేది, మనుషులు తర్వాత వచ్చేవాళ్లు. పెట్టెను సైకిల్ క్యారియర్‌కి తాడుతో కట్టి తెచ్చే పని నాది. దాని తిత్తికి రెండు చోట్ల ట్యూబు ముక్కలు అతికించి ఉండేవి. అక్కడ కాస్త గాలి పోయి, పాట మధ్యలో ఉబ్బసం మనిషిలా బుసకొట్టేది. వాయించే మామయ్య పగలు రైసుమిల్లులో గుమాస్తా. డోలక్ కొట్టే బాబాయి మగ్గం నేసేవాడు. అందరూ కలిసి పద్నాలుగు మంది. ఇంటర్ చదువుతున్నానని లెక్కల పుస్తకం నాకు అప్పగించారు. ముప్పై అయిదేళ్ల కిందటి మాట.

భజనలో పాడటం కంటే అందుకోవడం కష్టం. గురువు ఒక చరణం అంటాడు, వెనక వరుస దాన్ని అందుకోవాలి. తొందరపడితే గురువు గొంతు మునిగిపోతుంది, ఆలస్యమైతే తాళం జారుతుంది. రాగం పేరు తెలియనివాళ్లు కూడా ఏళ్ల తరబడి కూర్చుని ఆ ఒడుపు పట్టేవాళ్లు. సంగతుల మీద సంగతులు వేయగల త్యాగరాజస్వామి, దివ్యనామ కీర్తనల్లో చరణాలన్నీ ఒకే వరసలో సాగేలా కట్టారంటే, అది ఇలాంటివాళ్ల కోసమేనని నా నమ్మకం.

బృందం విడిపోయింది ఏకాహం నాడు. ఒక పగలూ ఒక రాత్రీ నామం ఆగకూడదు. అందుకని కూర్చున్న జట్టు లేవకముందే వచ్చే జట్టు పక్కన నిలబడి అదే నామాన్ని అందుకుంటుంది. ఆ రాత్రి రెండున్నరకి వచ్చిన కుర్రాళ్లు శ్రుతి పెంచమన్నారు. మామయ్య పెంచనన్నాడు. వాళ్లు మైకు తమవైపు తిప్పుకున్నారు. నామం ఆగలేదు గానీ, అఖండ దీపం ముందు కాసేపు రెండు శ్రుతుల్లో నడిచింది. అరుగు మీద నిద్రపోతున్న ముసలమ్మ ఒకావిడ లేచి, ఏమైందర్రా అని అడిగింది.

తెల్లారి పులిహోర పంచుతుండగా మొదలైన మాట చందా డబ్బుల దాకా వెళ్లింది. కొత్త డోలక్ కొన్నానన్నావు, రసీదేదని మామయ్యని నలుగురిలో నిలదీశారు. రసీదు నా లెక్కల పుస్తకంలోనే ఉంది. పుస్తకం నా చంకలోనే ఉంది. నన్ను ఒక్కసారైనా ముందు వరుసలో పాడనివ్వలేదన్న అక్కసుతో నేను నోరు విప్పలేదు.

ఆ ధనుర్మాసానికి రెండు బృందాలు తయారయ్యాయి. రామాలయం దగ్గర ఒకటి, చెరువుగట్టు ఆంజనేయస్వామి గుడి దగ్గర ఒకటి. డోలక్ అటు పోయింది, హార్మోనియం ఇటు ఉండిపోయింది. తెల్లవారుజామున నగర సంకీర్తనలో ఎదురుపడితే రెండు జట్లూ గొంతులు పెంచేవి. ముందు వరుసలో నిలబడేవాళ్లకి కొదవ లేదు, అందుకునేవాళ్లే పలచబడ్డారు. మూడో ఏడు రెండూ లేవు. గుడి వాళ్లు టేప్‌రికార్డర్ పెట్టారు.

ఇది మా ఊరికే పట్టిన తెగులనుకున్నాను, తిరువయ్యారు సంగతి తెలిసేదాకా. త్యాగరాజస్వామి అక్కడే 1847లో సిద్ధి పొందారు. ఆయన శిష్యపరంపర వాళ్లే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆరాధన ఘనంగా మొదలుపెట్టి, కొన్నేళ్లకే రెండు వర్గాలయ్యారు. పెద్ద కట్చి, చిన్న కట్చి అని వాటికి పేర్లు. ఆడవాళ్లని పాడనివ్వకపోవడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట! గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సొమ్ము పెట్టి సమాధి దగ్గర గుడి కట్టించి, 1926లో ప్రతిష్ఠ జరిపించింది. ఆ తర్వాత ఆడవాళ్లతో వేరుగా ఆరాధన చేయించింది. ఒక్క సమాధి, మూడు జట్లు. అవి కలవడానికి 1940 దాకా పట్టింది. ఇప్పుడు పుష్య బహుళ పంచమి నాడు పేరున్న విద్వాంసులంతా అక్కడ నేలమీద కూర్చుని పంచరత్న కీర్తనలు కలిసి పాడతారు. ఎవరి గొంతు ఎవరిదో చెప్పలేం. సంగీతం కన్నా నాకు అదే ఇష్టం.

నారద భక్తి సూత్రాలు 84. వాదం జోలికి పోవద్దని అందులో ఒక సూత్రం. భక్తి పుస్తకంలో ఆ మాటెందుకా అనుకునేవాణ్ణి. బహుశా ఆయనా ఏ ఏకాహంలోనో కూర్చుని ఉంటాడు. కానీ ఆ పొద్దున నా మౌనాన్ని ఆ సూత్రం ఖాతాలో వేసుకోలేను. అది వాదం మానుకోవడం కాదు, నిజం దాచుకోవడం.

మామయ్య పోయి తొమ్మిదేళ్లయింది. అంతకు ముందు ఏడు వెళ్లి రసీదు సంగతి చెప్పాను.

"నాకు తెలుసురా. ఆ రసీదు పుస్తకంలో పెట్టింది నేనేగా."

"మరి అప్పుడే చెప్పలేదేం మామయ్యా?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను."

అంతకు మించి ఏమీ అనలేదు. పెట్టె తీయించి నన్ను తిత్తి వేయమన్నాడు. ఆయన మెట్లు నొక్కాడు. ట్యూబు ముక్కల దగ్గర ఇంకా గాలి పోతూనే ఉంది. ఆయన ఒక నామం అన్నాడు, నేను అందుకున్నాను.

లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో నిల్వ 143 రూపాయలు. బృందంలో మిగిలిన ఐదుగురం కలిసి ఈ ధనుర్మాసానికి దాన్ని దీపం నూనెకి ఇస్తున్నాం. మీ ఊళ్లో భజన ఇంకా సాగుతుంటే ఈ శనివారం వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. పాట రాకపోయినా ఫరవాలేదు.