కష్టపడితే చాలునా?

మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్లు. సెలవులకి వచ్చి, నా పక్కన కూర్చుని ‘ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’ అనే బొమ్మల సినిమా చూసింది. డిస్నీవారు 2009లో విడుదల చేసిన చిత్రం అది. సినిమా అంతా కిలకిలా నవ్విన పిల్ల ఒక్కచోట మాత్రం నా చెయ్యి గిల్లి, “అత్తా, డబ్బు కూడబెట్టుకుందిగా? మరి ఎందుకివ్వరుట?” అంది. “చూస్తూండు, తెలుస్తుందిలే” అని తప్పించుకున్నాను. పెద్దవాళ్లం జవాబు తెలియనప్పుడే కాదు, తెలిసినప్పుడు కూడా ఇలాగే తప్పించుకుంటాం.

కథ 1920ల నాటిది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరం. నల్లజాతి పిల్ల టియానా తల్లి బట్టలు కుడుతుంది. ఒక తెల్లవారి మేడలో, ఆ ఇంటి గారాలపట్టి షార్లెట్‌కి గౌను కుడుతూ పిల్లలిద్దరికీ కప్ప రాకుమారుడి కథ చెబుతుంది. కథ అయ్యాక తల్లీకూతుళ్లు ట్రామెక్కి, మేడలు దాటి, చిన్న చిన్న ఇళ్ల పేటకి చేరతారు. ఆ ఊరు ఒకటి కాదు రెండని, మాట చెప్పకుండానే మనకి తెలిసిపోతుంది.

తండ్రికి హోటలు పెట్టాలని కల. ఆ కల తీరకుండానే పోయాడు. దాన్ని కూతురు భుజానికెత్తుకుంది. రెండుచోట్ల సర్వరు పనిచేస్తూ, వచ్చిన టిప్పులు డబ్బాల్లో దాచుకుంది. తీరా పాత చక్కెర మిల్లు బేరం కుదిరిందనుకునేసరికి, ఎవరో ఎక్కువిస్తామన్నారని అమ్మే అన్నదమ్ములు మొండిచెయ్యి చూపించారు. పైగా, నీలాంటి నేపథ్యం నుంచి వచ్చిన పిల్లకి ఇంత వ్యాపారం ఎందుకులే అన్న ధోరణిలో ఓదార్పు ఒకటి!

మా పిల్ల నన్ను గిల్లింది ఇక్కడే.

ఆ ‘నేపథ్యం’ ఏమిటో సినిమా విడమరిచి చెప్పదు. చరిత్ర చెబుతుంది. 1892లో ఆ నగరంలోనే హోమర్ ప్లెస్సీ అనే ఆయన తెల్లవారి రైలుపెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయ్యాడు. వేరు పెట్టెలు పెట్టడంలో తప్పులేదని 1896లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బళ్ల విషయంలో అలాంటి వేర్పాటు చెల్లదని ఆ కోర్టే అనడానికి 1954 దాకా పట్టింది. అంటే టియానాకి అడ్డం నిలిచింది ఇద్దరు అన్నదమ్ములే కాదు, వాళ్ల వెనక ఒక చట్టం కూడా ఉంది.

తర్వాత మల్డోనియా అనే లేని దేశం నుంచి నవీన్ అనే రాకుమారుడొస్తాడు. (పేరు విని మన వీధి కుర్రాడే అనుకునేరు!) కప్పగా మారిన అతన్ని ముద్దుపెట్టుకుని టియానా కూడా కప్పయిపోతుంది. సినిమాలో ఎక్కువ భాగం కప్పగానే ఉంటుంది. 1937 నాటి స్నోవైట్ తర్వాత డిస్నీవారి తొలి నల్లజాతి రాకుమారి రావడానికి డెబ్బై రెండేళ్లు పట్టింది. తీరా వచ్చాక ఆకుపచ్చగా మారి కూర్చుందేమిటని అక్కడ చాలామంది నొచ్చుకున్నారు. న్యాయమే కదా!

నా పేచీ మాత్రం ముగింపుతో. చివరికి ఆ అన్నదమ్ములు దిగొచ్చి మిల్లు ఇచ్చేస్తారు. ఎందుకో తెలుసా? ట్రంపెట్ వాయించే మొసలి ఒకటి పళ్లు చూపిస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ ఆలోచించండి. కష్టపడితే ఏదైనా సాధించవచ్చని పిల్లలకి చెబుతూంటాం. ఇక్కడ తలుపు తెరుచుకున్నది కష్టానికి కాదు, మొసలికి! మొసలి రానివాళ్ల మాటేమిటి? సాధించలేనివాళ్లు కష్టపడలేదని మన పిల్లలు అనుకోరూ? నీతి చెబుతున్నామనుకుంటూ ఎంత నిర్దయ నేర్పుతున్నాం!

అలాగని గోడలున్నాయని మాత్రమే చెబితే పసిమనసు అక్కడే కూలబడిపోతుంది. టియానా పాత్రకి స్ఫూర్తినిచ్చిన మనిషి ఒకావిడ నిజంగానే ఉన్నారు. ఆవిడ పేరు లియా చేజ్. న్యూ ఆర్లియన్స్‌లోనే, అత్తవారి హోటల్లో దశాబ్దాలపాటు వంట చేసి, 2019లో కన్నుమూశారు. నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చుని తినడం చట్టరీత్యా నేరమైన రోజుల్లో, పౌరహక్కుల కోసం పోరాడేవాళ్లు ఆ హోటలు మేడమీద గదిలో కలిసి భోంచేసేవారు, కార్యక్రమాలు ఆలోచించుకునేవారు. అక్కడ మొసలి లేదు. ఒకరి పక్కన ఒకరు కూర్చున్న మనుషులున్నారు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు పిల్లకి నిజమే చెప్పాను. “వాళ్లకి ఆ అమ్మాయి డబ్బుతో పేచీ లేదురా. ఒంటి రంగుతోనే.”

కాసేపు ఆలోచించి, “మరి షార్లెట్ స్నేహితురాలేగా? వాళ్ల నాన్న గొప్పవాడుగా? ఆయనతో చెప్పించచ్చుగా?” అంది.

షార్లెట్ చెడ్డపిల్ల కాదు. టియానా చేసిన పిండివంటలకి నోట్లకట్ట తీసి ఇచ్చేసేంత ధారాళం. కానీ తన గౌను కుట్టిన చేతులు ట్రామెక్కి ఎక్కడికి వెళతాయో ఆ పిల్ల ఎప్పుడైనా అడిగిందా?

మా ఇంట్లోనూ బట్టలు కుట్టే అమ్మాయి వచ్చి వెళుతూంటుంది. ఇల్లెక్కడని నేనూ అడగలేదు. నిద్ర నటిస్తూ పడుకున్నాను.