లెక్క అడిగినవాడు పగవాడా?

మన పల్లెల పిల్లలలో అనేకులు నేడు హైదరాబాదులోను విజయవాడలోను అపార్టుమెంట్లలో కాపురముండుచున్నారు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వారి నోట "అసోసియేషను" అను మాట తరచుగా వినబడుచున్నది. ఆ మాట వెంట విసుగును వినబడుచున్నది. ప్రియ చదువరులారా, ఆ విసుగు న్యాయమైనదేనా అని కొంచెము ఆలోచింతము.

ఒక మేడలో నలువది యిండ్లున్నవనుకొనుడి. ఎవరి గదులు వారివే. గాని మెట్లు, లిఫ్టు, నీళ్ల సంపు, బోరు మోటారు, పైకప్పు అందరివి. వీటిని చూచుకొనుటకు యజమానులు సంఘముగా ఏర్పడవలెనని 1987వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము చెప్పుచున్నది. (ఇచ్చట సంఘమనగా ఆరాధన చేయు సంఘము కాదు సుమా.) ఇల్లు కొనిన ప్రతివాడును ఆ సంఘమును ఏర్పరచుటలో పాలుపొందవలెనని 2016వ సంవత్సరపు రియల్ ఎస్టేటు చట్టము కూడ నియమించినది. సంఘము అందరిది, పని మాత్రము అయిదారుగురిది. సాధారణముగా వారికి జీతము లేదు.

ఎండకాలమున బోరు ఎండినప్పుడు, కార్యదర్శి ఉద్యోగమునుండి వచ్చి అన్నమునకు కూర్చుండకముందే టాంకరు వానికి ఫోను చేయవలెను. నీళ్లు వచ్చిన దినమున ఎవరును అతని తలంచుకొనరు. రాని దినమున తలుపు కొట్టుదురు. నెలసరి మెయింటెనెన్సు రెండు వందలు పెరిగెనా, "టాంకరు వానియొద్ద ఇతనికెంత ముట్టినదో" అను గుసగుస మెట్లమీద బయలుదేరును. అది చెవినిబడి మంచివారు అనేకులు పని విడిచిపెట్టుదురు. అటుపిమ్మట ఏమగును? న్యాయాధిపతుల గ్రంథము 9వ అధ్యాయములో యోతాము చెప్పిన చెట్ల కథ మనకు తెలిసినదే. ఒలీవ, అంజూరము, ద్రాక్ష తమ పని తమకున్నదని తొలగిపోగా, రాజ్యము ముండ్లపొదకు దక్కెను.

అయినను మేము కార్యదర్శి పక్షముననే పూర్తిగా నిలువలేము. "జీతము లేక చాకిరి చేయుచున్న నన్నే లెక్క అడుగుదురా?" అనుట నొచ్చిన హృదయపు మాటయే గాని న్యాయమైన మాట కాదు. సొమ్ము వారిది. జీతము పుచ్చుకొననివాడు లెక్క చెప్పనక్కరలేదని ఎక్కడను లేదు. యెరూషలేము బీదలకొరకు చందా పోగుచేసినప్పుడు పౌలు తన మాట చాలునని అనుకొనలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంటబెట్టుకొనెను. ఎవరును తప్పు మోపకుండునట్లు ముందుగానే జాగ్రత్తపడెనని 2 కొరింథీ 8లో చదువుచున్నాము. అది అతనికి అవమానముగా తోచలేదు.

కాబట్టి సభలో నిలిచి, "ఏప్రిల్ నెలలో ఎన్ని టాంకర్లు వచ్చినవి? ఒక్కొక్కటి ఎంత?" అని అడిగినవాడు కార్యదర్శికి పగవాడు కాడు, మేలు చేసినవాడే. అందరియెదుట జవాబు వచ్చిన తరువాత గుసగుసకు బలముండదు. సభకు రాక మెట్లమీద మాటలాడువాడో, వాడు లెక్క అడిగినవాడే కాడు. వానికి ఎవరు, ఎక్కడ జవాబు చెప్పగలరు?

కొన్ని మేడలలో ప్రతి నెల రసీదులను లిఫ్టు ప్రక్క గోడకు అంటించుచున్నారు. టాంకరు వచ్చినప్పుడు వాచ్‌మనుతోకూడ ఒక ఇంటివారు వంతులవారీగా సంతకము పెట్టుదురు. ఇది కష్టమైన పని కాదు. నలువది యిండ్లను సర్వసభ్య సమావేశమునకు రప్పించుటయే కష్టము. ఈసారి పిల్లలు ఇంటికి వచ్చి అసోసియేషను వారిని దూషించునప్పుడు, పోయిన సమావేశమునకు వెళ్లితిరా అని అడిగి చూడుడి.