జూదంలో పందెం ఎవరిది?

రాయలసీమ కథల్లో సేద్యం వానతో ఆడే జూదం. సింగమనేని నారాయణ గారు 'జూదం' అనే పేరే పెట్టారు. సగటు వాన 550 మిల్లీమీటర్లున్న అనంతపురంలో ఆ మాట అబద్ధమేం కాదు. కానీ ఆ పోలికలో ప్రకృతి ఎదుటి ఆటగాడైపోతుంది, ఓడించింది ఆకాశమే అనిపిస్తుంది.

అదే నాకు మింగుడుపడదు. కొర్ర, జొన్న, అనుము కలిపి విత్తిన రోజుల్లో ఒకటి పోయినా మరొకటి దక్కేది. విత్తనాన్ని వేపాకుతో, బూడిదతో కుండల్లో దాచింది ఎక్కువగా ఆడవాళ్లే. చేనంతా శెనక్కాయే కావడం వెనకున్నది మోడం కాదు, మార్కెట్టు. 1986లో మొదలైన నూనెగింజల మిషన్ దానికి ఊతమిచ్చింది. ఇంటి విత్తనం పోయి, అప్పు చేసి కొనే విత్తనకాయలొచ్చాయి. ఆ అప్పుకు తాకట్టు వెళ్లింది ఎన్నో ఇళ్లలో ఆమె మెడలోని బంగారం.

జూదమంటే సభాపర్వం గుర్తొస్తుంది. తననే ఓడిపోయినవాడికి భార్యను ఒడ్డే హక్కెక్కడిదని కదా ద్రౌపది అడిగింది! మన కథల్లో రైతు మోడాలకేసి చూసి నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు నన్నూ కలచివేస్తుంది, నిజమే. అయితే పక్కనే కాయలు వలుస్తున్న భార్యను "ఈసారి ఏం విత్తుదాం?" అని అడిగే రైతు నాకు కథల్లో చాలా అరుదుగా కనిపించాడు.