“వద్దు” అన్న మాట విన్నవాడే బలవంతుడు

 

ఈ మధ్య అబ్బాయిల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. “రావణుడు సీతమ్మను ఎత్తుకెళ్లాడు గానీ ముట్టుకోలేదు. అసలైన జెంటిల్‌మన్ ఆయనే బ్రో” అని. ఇంజినీరింగ్ రోజుల్లో నేను కూడా ఈ డైలాగ్ కొట్టినవాణ్ణే. తర్వాత వాల్మీకి రామాయణం కూర్చుని చదివితే సిగ్గేసింది.

ముట్టుకోకపోవడం ఎక్కడ? ఎత్తుకెళ్లేటప్పుడే ఆవిడను జుట్టు పట్టుకుని లాక్కెళ్లాడు. లంకలో ఎందుకు ఆగాడో యుద్ధకాండలో తనే చెప్పాడు. సీతమ్మ ఒప్పుకోవట్లేదని నిండుసభలో రావణుడు చెప్పుకుంటే, మహాపార్శ్వుడు అనేవాడు “నువ్వు రాజువి, నిన్ను ఆపేదెవరు? బలవంతంగానైనా సరే” అనే సలహా ఇస్తాడు. రావణుడు వాణ్ణి తిట్టలేదు, మెచ్చుకున్నాడు! తర్వాత తన రహస్యం బయటపెట్టాడు. పూర్వం పుంజికస్థల అనే అప్సరసను బలాత్కరించాడట. మళ్లీ అలా చేస్తే తల నూరు ముక్కలవుతుందని బ్రహ్మ శపించాడట. అందుకే ఆగాడు. అంటే ఆపింది ధర్మం కాదు, శాపభయం. సీసీ కెమెరా ఉందని దొంగతనం మానేసినవాణ్ణి మనం నిజాయితీపరుడు అంటామా?

ఆ సభలో ఇంకో ఇద్దర్ని కూడా చూడండి. కుంభకర్ణుడు “ఇది తప్పు, ముందే మమ్మల్ని అడగాల్సింది” అన్నాడు. కానీ ఆ వెంటనే “సరేలే, నీ శత్రువుల సంగతి నేను చూసుకుంటా” అన్నాడు. విభీషణుడు మాత్రం “ఆవిడను తిరిగి పంపించెయ్” అని పట్టుబట్టాడు. అందరిముందూ అవమానపడి, లంక వదిలి వెళ్లిపోయాడు.

ఈ ముగ్గురూ మా హాస్టల్ రూమ్‌లో కూడా ఉండేవాళ్లు.

సెకండియర్‌లో మా ఫ్రెండ్ ఒకడు క్లాస్‌మేట్‌కి ప్రపోజ్ చేశాడు. ఆ అమ్మాయి స్పష్టంగా వద్దంది. ఆ రాత్రి రూమ్‌లో ఒకడు, “అమ్మాయిలు ముందు అలాగే అంటార్రా. మగాడివైతే వదలకు” అన్నాడు. అచ్చం మహాపార్శ్వుడే. తర్వాత వీడు రోజూ ల్యాబ్ బయట నిలబడటం, ఎవరెవరి ఫోన్ల నుంచో కాల్ చేయడం మొదలుపెట్టాడు. గ్రూప్‌లో దాని మీద జోకులే జోకులు. నాకు తప్పని తెలుసు. “ఎందుకురా ఇదంతా” అని ఒక్కసారి అన్నాను. మర్నాడే వాడి జోకుకి నవ్వే ఎమోజీ పెట్టాను. ఆ అమ్మాయి బస్సు మార్చుకుంది. కొన్నాళ్లకు ల్యాబ్‌కి రావడమే తగ్గించింది. నేను ఏమీ చేయలేదు అని చాలా ఏళ్లు అనుకున్నాను. కుంభకర్ణుడు కూడా సీతమ్మను ఎత్తుకు రాలేదు కదా!

“మగాళ్లందరూ అలా ఉండరు” అంటారా? నిజమే. అందుకే హనుమంతుడి దగ్గరకు వెళ్దాం.

సుందరకాండలో సీతమ్మను వెతుకుతూ స్వామి రాత్రివేళ రావణుడి అంతఃపురంలోకి వెళ్లాల్సి వచ్చింది. నిద్రలో ఉన్న స్త్రీలను చూడాల్సి వచ్చింది. అప్పుడు ఆయన వాళ్లను తప్పుపట్టలేదు. “నా మనసు ఏమైనా చలించిందా?” అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. అశోకవనంలో కూడా ఒక్కసారిగా ఎదురుగా దూకితే ఆ తల్లి భయపడుతుందేమోనని, చెట్టు మీద నుంచే మెల్లగా రామకథ చెప్పాడు.

తర్వాత “అమ్మా, నా వీపు మీద ఎక్కు, ఇప్పుడే రాముడి దగ్గరికి చేరుస్తా” అన్నాడు. సీతమ్మ వద్దంది. కారణాలు కూడా చెప్పింది. నా ఇష్టంతో పరపురుషుణ్ణి తాకను అనేది అందులో ఒకటి. సముద్రం దాటి వచ్చిన బలం ఆయనది, ఉద్దేశం నూటికి నూరుపాళ్లు మంచిది. అయినా “నీకు తెలీదమ్మా” అని వాదించలేదు. నువ్వన్నది సబబే అని ఒప్పుకుని, ఆవిడ ఇచ్చిన చూడామణి తీసుకుని వెళ్లాడు. అంతకు కాస్త ముందే, అదే వనంలో, అదే తల్లి నోట “వద్దు” విన్న రావణుడేమో రెండు నెలలు గడువు పెట్టి, ఒప్పుకోకపోతే వంటవాళ్లతో ముక్కలు చేయిస్తానని బెదిరించాడు.

తమ్ముళ్లూ, మీ రీల్స్‌లో ఆల్ఫా అని ఎవరిని చూపిస్తున్నారో ఒకసారి ఆలోచించండి. వద్దన్నా వెంటపడటం ప్రేమ కాదు, భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. కానీ జైలుకి భయపడి ఆగితే మనమూ రావణుడి దగ్గరే ఆగినట్టు. హనుమంతుడి దాకా నడవాలి.

చెల్లెళ్లూ, తప్పు మీది కాదు. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అక్కడ ఫిర్యాదు చేయండి. సాయానికి 181, అత్యవసరమైతే 112.

ఈ మంగళవారం చాలీసా చదివాక ఒక చిన్న పని చేద్దాం. ఎవరో అమ్మాయి ఫొటో మీదో, ఆవిడ చెప్పిన “వద్దు” మీదో గ్రూప్‌లో జోకు పడితే, “ఆపరా, ఇది తప్పు” అని అందరికీ కనబడేలా రాద్దాం. నవ్వుతారు. గ్రూప్‌లోంచి తీసేసినా తీసేస్తారు. విభీషణుణ్ణి కూడా అలాగే అవమానించారు. కానీ ఆయనకు రాముడు ఆశ్రయం ఇచ్చాడు.

ఆ రోజు నేను రాయలేకపోయిన ఆ ఒక్క లైను మీరైనా రాయండి.

జై శ్రీరామ్. జై హనుమాన్.